అమ్మానాన్నలతో సింగపూర్: ముందు భోజనం, తర్వాతే చూపు

అందరికీ నమస్కారమండి. ముందు వరసల్లో పెద్దవాళ్లు కూర్చున్నారు, వెనకాల వాళ్లని తీసుకెళ్దామనుకుంటున్న పిల్లలు నిలబడ్డారు. కాబట్టి ఇద్దరికీ కలిపే చెబుతాను. దాళ్వా కోతలయ్యి, ధాన్యం డబ్బులు చేతికొచ్చి, బడులకి సెలవులిచ్చే మే నెలలో మన గోదావరి జిల్లాల నుంచి అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని విదేశం చూసొచ్చేవాళ్లు బాగా పెరిగారు. ఇవాళ ఒక్క సింగపూర్ గురించే చెబుతాను. డెబ్బై ఏళ్ల వయసులో మొదటిసారి విమానం ఎక్కేవారికి అంతకన్నా సుఖమైన ఊరు లేదని నా నమ్మకం. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. కుళాయి నీళ్లు అలాగే తాగొచ్చు. ప్రతి మెట్రో స్టేషన్లో లిఫ్టు ఉంటుంది. ఉక్కపోత అచ్చం మన అమలాపురంలోలాగే ఉంటుంది, ఒంటికి కొత్త కాదు. ఇడ్లీ, సాంబారు, అరిటాకు భోజనం దొరికే వీధులున్నాయి.

ఇన్ని ఉన్నా ప్రయాణాలు పాడవుతున్నాయి. ఎక్కడ పాడవుతున్నాయో చెబుతాను, వినండి. మధ్యాహ్నం మూడు గంటలకి!

సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అమ్మ చేతికున్న వాచీ మార్చేస్తాం గానీ, ఆవిడ కడుపుని మార్చలేం కదండి. అది రెండు మూడు రోజులు కోనసీమ టైములోనే ఉంటుంది. ఇంట్లో ఎనిమిదింటికి టిఫిన్ తినే మనిషికి అక్కడ పదిన్నరకి ఆకలేస్తుంది. మనం దిగిన హోటళ్లలో ఇచ్చే టిఫిన్ చాలాచోట్ల పదికో పదిన్నరకో ఎత్తేస్తారు. పన్నెండున్నరకి అన్నం తినే నాన్నగారికి అక్కడ మూడింటికి ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే భోజనం హోటళ్లలో ఆకులు ఎత్తేస్తూ ఉంటారు. రాత్రి ఎనిమిది భోజనం అక్కడ పదిన్నర అవుతుంది, చాలా దుకాణాలు మూసేసే వేళ. పిల్లలేమో అక్కడి గడియారం చూసి ఒంటిగంటకి "తినండి, తినండి" అని బలవంతపెడతారు. పెద్దాయన రెండు ముద్దలు కెలికి లేస్తారు. మూడింటికి ఏ తోట మధ్యనో, ఎండలో, తినేది ఏమీ దొరకని చోట కళ్లు తిరుగుతాయి. పొద్దున వేసుకున్న షుగర్ మాత్ర తన పని తాను చేసుకుపోతుంది, కడుపులో మాత్రం ఏమీ ఉండదు. చెమటలు, వణుకు, చిరాకు, తర్వాత "నన్ను గదికి తీసుకెళ్లిపో". ఆ రోజు అక్కడితో ముగిసినట్టే.

అందుకే నేను చెప్పే పద్ధతి ఒక్కటే. ఏం చూడాలో తర్వాత రాసుకోండి. ముందు కాగితం మీద ఏ పూట ఎక్కడ తింటారో రాయండి. ఆ భోజనాలకి దగ్గరలో ఏవున్నాయో అవే చూడండి. మొదటి రెండు రోజులు టిఫిన్ తొమ్మిదిన్నర పదిన్నర మధ్య, భోజనం రెండింటికి పెట్టుకుని, మూడో రోజు నుంచి నెమ్మదిగా అక్కడి వేళలకి జరపండి. చేతిసంచిలో ఎప్పుడూ రెండు అరటిపళ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్, నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవారు తూర్పుకి వెళ్తున్నప్పుడు రెండు డోసుల మధ్య వ్యవధి రెండున్నర గంటలు తగ్గిపోతుంది. దాన్ని ఎలా సర్దుకోవాలో మీ డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి, సొంత లెక్కలు వేయకండి.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. పాస్‌పోర్టుకి ప్రయాణం నాటికి ఆరు నెలల పైన గడువు ఉండాలి. వీసా తప్పనిసరి, అది గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారానే పెట్టాలి. సర్కారు రుసుము 30 సింగపూర్ డాలర్లు, వీసా ఇవ్వకపోయినా తిరిగి రాదు. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, వెనక తెల్ల రంగు. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో తరచూ కనిపించే చిక్కు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలోనే ఉండడం. టికెట్ మీద పేరు అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులాగే ఉండాలి, ఖాళీ గడిని ఎలా నింపాలో ఆ విమానం కంపెనీని అడిగాకే టికెట్ కొనండి. సింగపూర్ కాకుండా దుబాయ్ అనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. 2022 నవంబరు నుంచి ఒంటిపేరు పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో వచ్చేవారిని ఆ దేశం రానివ్వడం లేదు.

ఇంకొకటి, ఎరైవల్ కార్డు, అంటే అక్కడ దిగే ముందు మన వివరాలు నింపే ఫారం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి పైసా ఖర్చు లేదు. వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు దీనికే డబ్బు వసూలు చేస్తాయి, సింగపూర్ ఇమిగ్రేషన్ వారి సొంత సైటులోనే నింపండి. బ్యాంకు కార్డుకి విదేశీ వాడకం యాప్‌లో ముందే ఆన్ చేయండి. ఓటీపీ వచ్చే సిమ్ము ఏ ఫోన్లో ఉందో ఆ ఫోన్‌కి రోమింగ్ పెట్టించండి. సిమ్ము ఇంట్లో వదిలేసి వెళ్లి, అక్కడ కార్డు పట్టుకుని నిలబడ్డవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు పెట్టె. ఇక్కడ కాసేపు ఆగుదాం, మన వైపు పెట్టె సర్దడం అంటే సగం వంటింటి పనే కదా.

ఎండు కొబ్బరికాయ పెట్టకండి. కురిడీ అయినా, చిప్ప అయినా. అందులో నూనె ఎక్కువ, గాలి తగలని చోట దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. విమానాల్లో ప్రమాదకర సరుకుల జాబితాలో దాని పేరుంది. చెక్-ఇన్ పెట్టెలో ఎక్స్‌రే మీద గుండ్రంగా కనబడగానే పెట్టె విప్పిస్తారు. కోనసీమ నుంచి వెళ్లేవారికి ఇది ముందుగా తెలియాల్సిన విషయం.

రెండోది గసగసాలు. సింగపూర్‌లో గసగసాలు మాదకద్రవ్యాల విభాగం నిషేధించిన వస్తువు. విడిగా పొట్లం కట్టి తీసుకెళ్లరు గానీ, ఇంట్లో కొట్టిన కూర మసాలా పొడిలో గసగసాలు ఉంటాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. గసాలు వేయని పొడి విడిగా కొట్టించుకోండి, లేదంటే పొడి మానేయండి. జర్దా, ఖైనీ, గుట్కా, నమిలే పొగాకు ఏదైనా నిషేధమే, కిళ్లీ అలవాటున్న నాన్నగారికి ఈ మాట బయల్దేరే ముందు స్పష్టంగా చెప్పాలి. చూయింగ్ గమ్ కూడా తేనివ్వరు. కోడిమాంసం పచ్చడి, వేటమాంసం పచ్చడి ఇంట్లోనే ఉంచండి. మన దేశం నుంచి మాంసం పదార్థాలు తేనివ్వరు.

మరి ఏం పట్టుకెళ్లొచ్చు? మాగాయ, ఆవకాయ చిన్న సీసాలు. నూనె పైకి తేలే పచ్చడి చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, చెక్-ఇన్‌లోనే వేయండి. సీసా మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, బట్టల మధ్య పెట్టండి. పైన రెండు వేళ్ల జాగా వదలాలి, గాలి ఒత్తిడి తగ్గినప్పుడు నిండుగా ఉన్న సీసా కారుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన అటుకులు. ఆత్రేయపురం పూతరేకులు పొడిగా ఉంటాయి, బరువుండవు, వారం నిలుస్తాయి. కానీ గట్టి డబ్బాలో పెట్టకపోతే దిగేసరికి పిండి మిగులుతుంది. బెల్లం పూతరేకులకన్నా పంచదారవి ఉక్కపోతకి ఆగుతాయి.

దారిలో తినడానికి పులిహోర. అమలాపురం నుంచి విశాఖకి కారులో నాలుగైదు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు. ఈ ఎనిమిది గంటలు ఆగేది చింతపండు పులిహోరే. నిమ్మకాయది చేదెక్కుతుంది. అన్నం పొడిపొడిగా వండి, వెడల్పు పళ్లెంలో ఆరబోసి, పులుసు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించి కలపాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి, ఆ తడికే అన్నం పాడవుతుంది. కొబ్బరి తురుము వేయకండి. విమానం ఎక్కే ముందే తినేయండి. కొన్ని చవక విమానాల్లో బయటి తిండి తిననివ్వరు, భోజనం కూడా టికెట్‌తో రాదు, ముందే కొనుక్కోవాలి.

భోజనం ఇచ్చే విమానమైతే 24 గంటల ముందే చెప్పాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటుంది. "హిందూ మీల్" అని ఉంటుంది, దాని గుర్తు హెచ్‌ఎన్‌ఎంఎల్. పేరు చూసి అది శాకాహారం అనుకుంటారు. కాదండి. అందులో గొడ్డుమాంసం, పందిమాంసం ఉండవు, కోడీ చేపా ఉండొచ్చు. శాకాహారులైన అమ్మకి ఏవీఎంఎల్ అని రాయించాలి. షుగర్ ఉన్నవారికి డీబీఎంఎల్. డీబీఎంఎల్‌లో మాంసం రావచ్చు, కాబట్టి శాకాహారి, షుగర్ రెండూ ఉంటే ఏవీఎంఎల్ తీసుకుని తీపి వదిలేయడం మేలు.

మందులు చేతిసంచిలో. ఇన్సులిన్ చెక్-ఇన్‌లో వేస్తే సామాన్ల గదిలో గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. స్ట్రిప్పులు విప్పి డబ్బాలో పోయకండి, మందు పేరు కనిపించాలి. డాక్టరుగారి చీటీలో కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించండి. సొంత వాడకానికి మూడు నెలలకి మించకూడదు. నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే ఆల్‌ప్రాజోలామ్, క్లోనాజెపామ్, నొప్పికి ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గుమందు లాంటివి వాడేవారు అక్కడ మందుల సంగతి చూసే సర్కారు శాఖ హెల్త్ సైన్సెస్ అథారిటీ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, కనీసం మూడు వారాల ముందు పెట్టండి. మన ఊళ్లో ఇవి మామూలు మాత్రల్లా ఇచ్చేస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒకసారి మంచం మీద పరిచి పేర్లు చదవండి.

నడవగలిగేవారికైనా వీల్‌చైర్ అడగండి. 48 గంటల ముందు విమానం కంపెనీకి చెప్పాలి. "నాకేమైందని కుర్చీలో కూర్చోబెడతారు" అని నాన్నగారు అంటారు. సింగపూర్‌లో దిగే చాంగీ విమానాశ్రయం ఎంత పొడవో వారికి చెప్పండి. మోకాళ్లు మొదటి గంటలోనే ఖర్చయిపోతే మిగతా వారం ఏం చూస్తారు?

రాత్రి విమానమైతే తెల్లారగట్ల దిగుతారు. హోటల్ గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. నిద్రలేని డెబ్బై ఏళ్ల మనిషిని ఎనిమిది గంటలు లాబీలో కూర్చోబెట్టడం అన్యాయం. ముందు రాత్రికి కూడా గది తీసుకోండి. ఒక రోజు అద్దె ఎక్కువవుతుంది, అది ఈ ప్రయాణంలో అన్నిటికన్నా సద్వినియోగమయ్యే డబ్బు.

గది ఎక్కడ తీసుకోవాలి? లిటిల్ ఇండియాలో. మన భారతీయుల దుకాణాలు, హోటళ్లు, గుళ్లు ఉన్న పేట అది. సెరంగూన్ రోడ్డు పక్కన, లిటిల్ ఇండియా మెట్రోకీ ఫారర్ పార్క్ మెట్రోకీ మధ్య. మెరీనా బే దగ్గర ఎత్తైన హోటల్లో దిగాలని పిల్లలకి ఉంటుంది. అక్కడ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, కిందకి దిగితే ఇడ్లీ కనిపించదు. లిటిల్ ఇండియాలో దిగితే పొద్దున లేచి అమ్మ తనంతట తానే నడిచి వెళ్లి కాఫీ తాగి రాగలదు. ఆ స్వేచ్ఛ పెద్దవాళ్లకి ఎంత ధైర్యమిస్తుందో మాటల్లో చెప్పలేను. పైగా నీలం రంగు మెట్రో లైను, డౌన్‌టౌన్ లైను అంటారు, అక్కడి నుంచి నాలుగో స్టేషను బేఫ్రంట్, అంటే గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట. అదే లైను మీద అటువైపు మూడో స్టేషను బొటానిక్ గార్డెన్స్. ఊదా రంగు లైను ఎక్కితే చైనాటౌన్, చివర సెంటోసా ద్వీపానికి వెళ్లే హార్బర్‌ఫ్రంట్. బండి మారక్కర్లేదు. గది తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: లిఫ్టు ఉందా, స్నానం టబ్బులోకి ఎక్కి చేయాలా లేక నేల మీదేనా, మరుగుదొడ్డిలో నీళ్ల గొట్టం ఉందా. గొట్టం లేని గదులు చాలా ఉంటాయి, పెట్టెలో ఒక ప్లాస్టిక్ మగ్గు పడేయండి. గదిలో కుక్కర్ పెట్టి వండకండి, పొగకి అలారం మోగితే హోటలంతా బయటికి రావాలి. కెటిల్‌లో నీళ్లు కాచి అటుకుల మీద పోసుకుని, పెరుగు కలుపుకుంటే రాత్రి పదిన్నర ఆకలి తీరిపోతుంది. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద "ప్లెయిన్" అని చూడండి, మిగతావన్నీ తీపి.

ఇప్పుడు తిండి. సింగపూర్ ప్రజలు హాకర్ సెంటర్లలో తరచూ తింటారు. ఒకప్పుడు వీధుల్లో తిరిగి అమ్మేవాళ్లని ప్రభుత్వం ఒక కప్పు కిందకి చేర్చింది, ఒక్కో చోట పదుల కొద్దీ అంగళ్లు. ఈ తిండి సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఒక ప్లేటు ఎక్కువగా నాలుగైదు డాలర్ల నుంచి ఏడెనిమిది డాలర్ల లోపు. పెద్ద రెస్టారెంట్లలో మెనూ మీద ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద 10 శాతం సర్వీసు, ఆపైన 9 శాతం పన్ను పడతాయని అర్థం.

ధరల మాట వచ్చింది కాబట్టి పిల్లలకి ఒక మాట. రూపాయల్లోకి మార్చి చెప్పకండి. "ఇడ్లీకి ఇంతా!" అని అమ్మ మనసులో పడిందంటే "నాకు ఆకలి లేదురా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ ధర చూసిందని అర్థం చేసుకోండి. టికెట్లు ఇంటి దగ్గరే కొనేయండి, తిండికి అడగకుండా తెచ్చి ముందు పెట్టండి.

లిటిల్ ఇండియా మెట్రో మెట్లెక్కగానే టెక్కా సెంటర్. కింద చేపలు, కూరగాయల బజారు, పక్కనే హాకర్ సెంటర్. మన పెద్దవాళ్లకి ముందు ఆ బజారు చూపించండి. మునగాకు, అరటిపువ్వు, బతికున్న పీతలు చూస్తూ గంట గడిపేస్తారు. హాకర్ సెంటర్లో చోటు పట్టుకోవడానికి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడతారు, అది ఉన్న బల్ల దగ్గర కూర్చోకండి. తిన్న ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి ఇది చట్టం. మొదటిసారి హెచ్చరిస్తారు, రెండోసారి 300 డాలర్ల జరిమానా. ముస్లిం అంగళ్ల ట్రేలకి వేరే చోటుంటుంది, బోర్డు చూసి పెట్టండి. అంగళ్ల దగ్గర చిల్లర నోట్లు ఉంచుకోండి, అందరూ కార్డు తీసుకోరు.

శాకాహారులకి కోమల విలాస్ లాంటి పాత హోటళ్లు సెరంగూన్ రోడ్డులో ఉన్నాయి, అది 1947 నుంచి నడుస్తోంది. అక్కడ ఏ భయమూ లేదు. భయం మిగతా చోట్ల. "నో మీట్" అని చెబితే చాలదండి. అక్కడివారి దృష్టిలో ఎండు రొయ్య మాంసం కాదు. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్ వేస్తారు, సంబల్ అనే కారంలో రొయ్యల ముద్ద కలుపుతారు, ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు ఉంటుంది. అందుకని "నో మీట్, నో ఫిష్, నో ప్రాన్, నో ఎగ్, నో ఆయిస్టర్ సాస్" అని ఒక చీటీ మీద రాసి అమ్మ సంచిలో పెట్టండి, చూపిస్తే చాలు. బౌద్ధుల శాకాహార అంగళ్లు కూడా ఉంటాయి, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. కానీ సోయాతో అచ్చం మాంసం ముక్కలా చేసి పెడతారు. చూడగానే పెద్దవాళ్లు ప్లేటు తోసేస్తారు, ముందే చెప్పి ఉంచండి. మాంసం తినేవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి: హలాల్ బోర్డు ఉంటే పంది ఉండదు, గొడ్డుమాంసం ఉండొచ్చు. రెండూ వేరువేరుగా అడగాలి.

చేపల పులుసు ఇష్టమైన ఇల్లు అయితే రేస్ కోర్స్ రోడ్డులో ఒక పూట తప్పకుండా తినండి. అక్కడ చేప తల కూర ప్రసిద్ధి. రెడ్ స్నాపర్ అనే సముద్రపు చేప తల మొత్తంగా, దాదాపు కిలో బరువుంటుంది, చింతపండు పులుసులో మునిగి వస్తుంది. పక్కన బెండకాయలు, వంకాయ, టమాటా. పులస పులుసులో బెండకాయ వేసే మనవాళ్లకి చూడగానే చుట్టం కనబడ్డట్టు ఉంటుంది. అరిటాకు మీద అన్నం వేస్తారు. చెంప దగ్గర మాంసం మెత్తగా, ముల్లు లేకుండా ఉంటుంది, అది పెద్దవాళ్లకి పెట్టండి. మెడ దగ్గర ముళ్లు వెతికి తీయాలి. చిన్న సైజు అడిగినా ముగ్గురికి సరిపోతుంది. పులుసులో నూనె, ఉప్పు ఎక్కువే, బీపీ ఉన్నవారు ముక్క తిని పులుసు తగ్గించాలి.

మన కొబ్బరి దేశం వాళ్లు రుచి చూడవలసిన ఇంకొకటి నాసి లెమాక్. కొబ్బరిపాలతో వండిన అన్నం. అందులో పాండన్ ఆకు వేస్తారు. మన సముద్రపు ఒడ్డున మొగలి పొదలున్నాయి చూశారూ, ఆ జాతిదే ఆ ఆకు. పక్కన కరకరలాడే నెత్తళ్ల వేపుడు, వేరుశనగ గుళ్లు, దోసకాయ ముక్కలు, గుడ్డు, సంబల్. నెత్తళ్లు తినేవారికి పండగే. ఐస్ కచాంగ్ అనే మంచు తురుము గిన్నెలో ముంజల్లాంటి తెల్లటి గింజలు కనిపిస్తాయి, అవి నీపా తాటి కాయల్లోవి. షుగర్ ఉన్నవారు ఆ గింజలు మాత్రం రుచి చూసి పాకం వదిలేయాలి.

కాఫీ అడగడం నేర్చుకోవాలి. ఉత్తినే "కోపీ" అంటే తియ్యటి గట్టిపాలు పోసి ఇస్తారు, షుగర్ మనిషికి ఆ ఒక్క గ్లాసు చాలు. "కోపీ సీ" అంటే తీపి లేని గట్టిపాలు, పంచదార వేస్తారు. "కోసాంగ్" అంటే పంచదార సున్నా. కాబట్టి పాలతో చక్కెర లేకుండా కావాలంటే "కోపీ సీ కోసాంగ్", టీ అయితే "తే సీ కోసాంగ్". పంచదార తక్కువ కావాలంటే "స్యూ దై". ఈ నాలుగు మాటలు రాసుకోండి.

ఇక చూడవలసినవి. రోజుకి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో గదిలో నిద్ర. అంతకు మించి పెట్టకండి. కడియం నర్సరీల పక్కన పెరిగినవాళ్లకి బొటానిక్ గార్డెన్స్ ఒక్కటే సగం రోజు తింటుంది. 1859లో మొదలైంది, 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది, లోపలికి టికెట్ లేదు. మలయా దేశాల్లో రబ్బరు తోటలకి దారి చూపిన రిడ్లీ ఇక్కడే పనిచేశాడు. ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్ ఉంటుంది. ఒక ఇబ్బంది: ఆ పేరు గల మెట్రో స్టేషను తోట ఉత్తరపు కొసన ఉంది. అక్కడి నుంచి ఆర్కిడ్ల దాకా పెద్దవాళ్లకి చాలా నడక. పొద్దున టాక్సీలో నాసిమ్ గేటు దగ్గర దిగండి, తిరిగి వచ్చేటప్పుడూ అక్కడే ఎక్కండి.

గార్డెన్స్ బై ద బే సాయంత్రం పెట్టుకోండి. అందులో క్లౌడ్ ఫారెస్ట్ అనే గాజు మేడలో 35 మీటర్ల జలపాతం ఉంది. ముందు లిఫ్టులో పై అంతస్తుకి వెళ్లి వాలు దారిలో కిందకి దిగాలి, కింద నుంచి ఎక్కకండి. ఆవిరి పడి నేల తడిగా ఉంటుంది, అరిగిన చెప్పులు జారతాయి. ఫ్లవర్ డోమ్ అనే పూల గాజు మేడ లోపల 23 నుంచి 25 డిగ్రీలే. బయట చెమట పట్టిన ఒంటితో లోపలికి వెళ్తే చలి పడుతుంది, శాలువా ఉండాలి. మెట్రోలో, మాల్స్‌లో కూడా ఇంతే. ఒంటికి బాలేకపోవడం ఎండవల్ల కన్నా ఈ వేడి చలి మార్పువల్లే ఎక్కువ. అక్కడ ఏడాది పొడవునా ఏడింటికి అటూ ఇటూగా పొద్దుగూకుతుంది. ఆ తోటలో చెట్లలా కట్టిన ఎత్తైన ఇనుప కట్టడాల మీద పాటకి తగ్గట్టు దీపాలు వెలిగే ఆట 7.45కి ఒకసారి, 8.45కి ఒకసారి, టికెట్ లేదు. 7.45దే చూడండి. అరగంట ముందు వెళ్తే బెంచీ దొరుకుతుంది, ఆ అరగంటలో తెచ్చుకున్న పొట్లం విప్పండి. రెండో ఆట చూసి బయల్దేరితే మెట్రోలో జనం, గదికి చేరేసరికి భోజనం వేళ దాటిపోతుంది.

జూకి వెళ్తే లోపల ట్రామ్ ఎక్కండి. రాత్రిపూట జంతువుల్ని చూపించే నైట్ సఫారీలో ట్రామ్ మీదే మూడొంతులు చూడొచ్చు, కాలిబాటలు పిల్లలకి వదిలేయండి.

మెట్రోలో తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు, జరిమానా 500 డాలర్ల దాకా. మాత్ర వేసుకోవాలంటే బండి ఎక్కే ముందో దిగాకో. బ్యాంకు కార్డు తాకించి లోపలికి వెళ్లొచ్చు, కానీ ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు, మనిషికో కార్డు. ఎస్కలేటర్లు మన ఊళ్లోకన్నా వేగం. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, ఎడమవైపు నిలబడాలి. నా సలహా అయితే లిఫ్టే.

(సభలోంచి ఒక అమ్మగారు: ఒంటి మీద బంగారంతో వెళ్లొచ్చా అండీ?)

వెళ్లొచ్చమ్మా. మంగళసూత్రం, రెండు గాజులు చాలు. అంతకన్నా ఎక్కువ వేసుకుంటే వెళ్లేటప్పుడే మన విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి నగలు చూపించి, అవి ఇక్కడివేనని సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే తిరిగి వచ్చినప్పుడు అక్కడ కొన్నారనుకుని సుంకం అడగొచ్చు. అక్కడ కొత్తగా కొని తేవాలనుకుంటే, సుంకం లేకుండా తెచ్చే వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవారికే, వారం రోజుల యాత్రకి వర్తించదు.

(ఇంకొకరు: గుడికి కొబ్బరికాయ పట్టుకెళ్లకూడదన్నారు కదా. మరి అక్కడ దేవుడికి ఎలాగండీ?)

అక్కడే దొరుకుతాయండి. సెరంగూన్ రోడ్డు పొడవునా పూల దుకాణాలున్నాయి, మల్లెమాల, కొబ్బరికాయ, అరటిపళ్లు, తమలపాకులు కలిపి పళ్లెం ఇస్తారు. ఫారర్ పార్క్ దగ్గర శ్రీనివాస పెరుమాళ్ గుడి, అంటే మన వెంకన్నబాబే. చైనాటౌన్‌లో మారియమ్మన్ గుడి, అది 1827 నాటిది, ఊళ్లో అన్నిటికన్నా పాతది. మధ్యాహ్నం పన్నెండుకి గుళ్లు మూసేసి సాయంత్రం తెరుస్తారు. అందుకని మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి పెరుమాళ్ గుడికి వెళ్లండి. ప్రదక్షిణ, దర్శనం, కాసేపు మండపంలో కూర్చోవడం అయ్యేసరికి పది దాటుతుంది. నెమ్మదిగా నడుచుకుంటూ టిఫిన్ దగ్గరికి వస్తే పదిన్నర. అప్పుడు మన ఊళ్లో ఎనిమిది. అమ్మకి సరిగ్గా ఆకలేస్తూ ఉంటుంది.